రన్నర్ అరిగిన బ్యాగులు

కరీంనగర్ బస్టాండు చుట్టుపక్కల బ్యాగులు బాగుచేసే మా లాంటి వాళ్ళ దగ్గరికి వచ్చే బ్యాగుల్లో గుడ్డ చిరిగినవి తక్కువ. పిడి ఊడినవి, చక్రం పోయినవి కొన్ని. మిగతావన్నీ చైన్ పోయినవే. తెచ్చినవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "అన్నా, పండ్లు పోయినయి, కొత్త చైన్ ఎయ్యి." నేను బ్యాగు తిప్పి చూస్తే పండ్లు ఉన్నచోటే ఉంటాయి. పోయింది పండ్ల మీద జారే రన్నర్. తప్పు రన్నర్‌ది, నింద పండ్లది. ఈ నింద వల్లనే మా జిల్లాలో ఎన్నో మంచి బ్యాగులు చెత్తకుప్పల పాలయ్యాయి. అందుకే ఈ చిన్న వస్తువు చరిత్ర రాయాలనిపించింది.

మేము మేరోళ్ళం. మా తాత ఊళ్ళో రైతుల ఇండ్లకు పోయి బట్టలు కుట్టి, పంట వచ్చినప్పుడు కల్లం కాడ గింజలు కొలిపించుకునేవాడు. ఆయన కుట్టిన బట్టలో ముడి ఉండేది, నాడా ఉండేది, గుండీ ఉండేది. జిప్పు లేదు. ఊరు విడిచిపోయేటోళ్ళు సామాను మూట కట్టుకునేవాళ్ళు. కాస్త ఉన్నవాళ్ళకు రేకు ట్రంకు పెట్టె, దానికో తాళంకప్ప. మా వైపు జనానికి వలస కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన కామాఠీల పేరు మీదనే బొంబాయిలో కామాఠీపుర వెలిసింది. సిరిసిల్ల చుట్టూ ఉన్న పద్మశాలీలు మగ్గాల పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి పోయారు. అన్ని పోకల్లోనూ మూట, ట్రంకుపెట్టె సరిపోయాయి.

గల్ఫ్‌కు సరిపోలేదు. 1973లో చమురు ధరలు పెరిగి, అరబ్ దేశాల్లో రోడ్లు, భవనాలు, ఓడరేవులు లేవడం మొదలైంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ వైపు నుంచి, అటు నిర్మల్ దిక్కు నుంచి మగవాళ్ళు దుబాయి, మస్కట్, సౌదీ, బహ్రెయిన్ దారి పట్టారు. అప్పట్లో బస్సులోనో రైల్లోనో బొంబాయి చేరి, అక్కడ ఏజెంటు చుట్టూ తిరిగి, విమానం ఎక్కాలి. విమానంలో సామానుకు తూకం ఉంది. ఖాళీ ట్రంకే ఆ తూకంలో చాలా తినేస్తుంది. అట్లా రెగ్జిన్ బ్యాగు వచ్చింది, దానితోపాటు చైన్ వచ్చింది. మా బాపు అంగీలు కుట్టడం తగ్గించి బ్యాగుల పనికి దిగింది అప్పుడే. ఆ బ్యాగుల చైన్లకు ఇత్తడి పండ్లు, చాలా గట్టివి. కానీ ఒక్క పన్ను రాలితే అక్కడ సందు పడేది, ఆ సందు కాడ రన్నర్ పక్కకు జారిపోయేది. ప్లాస్టిక్ తీగ చుట్టల చైన్ వచ్చినంక ఆ బాధ చాలా మటుకు తీరింది.

ఈ చైన్‌ను సరిగ్గా తయారుచేయడమనే ఇంత చిన్న పనికి అమెరికాలో ఇరవై ఏండ్లకు పైగా పట్టింది. విట్‌కంబ్ జడ్సన్ అనే ఆయన 1893లో బూట్లకు కొక్కేల వరుస ఒకటి తయారుచేసి పేటెంటు తీసుకున్నాడు, అదే ఏడు షికాగో ప్రదర్శనలో పెట్టాడు. అది మాటిమాటికీ ఊడిపోయేది. స్వీడన్ నుంచి వచ్చిన ఇంజనీరు గిడియాన్ సండ్‌బాక్ 1913లో కొక్కేలు తీసేసి, ఒకదాని బొడిపె ఇంకోదాని గుంటలో కూర్చునే పండ్లు పెట్టాడు. 1917లో పేటెంటు వచ్చింది. మనం ఈరోజు లాగే చైన్ అదే. 1923లో గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీ వాన బూట్లకు దాన్ని వేసి జిప్పర్ అని పేరు పెట్టింది. 1934లో టోక్యోలో తడావో యోషిదా మొదలుపెట్టిన కంపెనీయే ఇప్పుడు రన్నర్ల మీద కనబడే వై.కె.కె. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నైలాన్, పాలియెస్టర్ తీగను చుట్టలు చుట్టలుగా మెలిపెట్టి పండ్లు చేయడం వచ్చింది. 1960 తర్వాత ఎసిటాల్ ప్లాస్టిక్‌ను పట్టీ మీదనే అచ్చుపోసి విడివిడి పండ్లు చేయడమూ వచ్చింది. మా దుకాణంలో రెండూ ఉంటాయి. చుట్ట చైన్ మీటర్ల లెక్కన వస్తుంది, అచ్చు పండ్లది జాకెట్లకు ఎక్కువ.

ఈ రెండింటి గుణం వేరు. చుట్ట చైన్ మెత్తనిది, మూల తిరిగే కాడ వంగుతుంది. బరువుకు మధ్యలో విచ్చుకున్నా, రన్నర్ మంచిదైతే వెనక్కు లాగి మళ్ళీ ముందుకు తెస్తే కలిసిపోతుంది. దాని చావు వేరే తీరుగా వస్తుంది: చుట్టను పట్టీకి కుట్టిన దారం అరిగి తెగుతుంది, తీగ వేలాడుతుంది. అచ్చు పండ్ల చైన్ గట్టిది, దుమ్ముకు తొందరగా లొంగదు. కానీ పన్ను విరిగిందంటే విరిగినట్టే, దాన్ని కలిపే దారి లేదు.

ఇక రన్నర్. దాని కడుపులో ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో దారి ఉంటుంది. ముందు రెండు నోళ్ళు, మధ్యన చిన్న చీలిక ముక్క, వెనక ఒకే నోరు. రెండు వరుసల పండ్లు రెండు నోళ్ళలోంచి ఏటవాలుగా వచ్చి, వెనక నోట్లో నొక్కుడు పడి కలుస్తాయి. ఆ వెనక నోటి సందే చైన్ ప్రాణం. రన్నర్‌ను ఎక్కువగా జింక్ మిశ్రమం కరిగించి పోతపోస్తారు. బరువుకు లాగి లాగి ఆ మెత్తటి లోహం అరుగుతుంది, పై పలక కింది పలక నుంచి కంటికి కనబడనంత లేస్తుంది. ఆ కాస్త సందుకే పండ్లు కలవకుండా బయటపడతాయి. ముందు మూసుకుంటూ పోతుంది, వెనక విచ్చుకుంటూ వస్తుంది. పట్టకారుతో వెనక అంచులను కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, సమంగా, మెల్లగా నొక్కితే చాలా బ్యాగులు అక్కడికక్కడే బాగవుతాయి. గట్టిగా నొక్కితే పోత లోహం పుటుక్కున విరుగుతుంది. చేయి తెలియాలి. నొక్కినా నిలవకపోతే చివరి కుట్టు విప్పి, పాత రన్నర్ తీసి, అదే నంబరుది ఎక్కించాలి. నంబరంటే మూసిన పండ్ల వెడల్పు: 5 నంబరుది సుమారు 5 మిల్లీమీటర్లు, పెద్ద ట్రాలీ బ్యాగులకు 8, 10. నంబరు ఒక్కటే అయినా కంపెనీ మారితే లోపలి దారి మారుతుంది. అందుకే నా దగ్గర డబ్బా నిండా పాత బ్యాగుల నుంచి తీసిన రన్నర్లు ఉంటాయి. నా దుకాణంలో మిషిన్ తర్వాత విలువైనది ఆ డబ్బానే.

గల్ఫ్ బ్యాగు అరిగినట్టు ఇంకే బ్యాగూ అరగదు. పోయేటప్పుడు అందులో మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం, సకినాలు, గారెలు. తొక్కు డబ్బా కారితే నూనె పండ్లలోకి పోతుంది, నూనెకు దుమ్ము అంటుతుంది. వచ్చేటప్పుడు దుప్పట్లు, సబ్బులు, అత్తరు, ఖర్జూరాలు, పిల్లలకు బొమ్మలు. తూకం 30 కిలోలంటే 30 కిలోలకూ నింపి, మోకాలు పెట్టి అదిమి, చైన్ లాగుతారు. పండ్లు రెండు పక్కలకూ గుంజుకుంటూ ఉంటే రన్నర్ ఒక్కటే వాటిని కలపాలి. దానిమీద అక్కడి సన్నటి ఇసుక. ఆ ఇసుక పండ్ల సందుల్లో కూర్చుని, రన్నర్‌ను లోపలినుంచి ఆకురాయిలా రాస్తుంది. అందుకే మా వాళ్ళ బ్యాగులు ఒకటి రెండు పోకలకే నా దగ్గరికి వస్తాయి. అందుకే విమానాశ్రయంలో మన తెలంగాణ బ్యాగులు అడ్డం పొడుగు తాడు కట్టుకుని, మీద మార్కర్‌తో పేరు, ఊరు రాసుకుని కనబడతాయి. తాడు చూసి నవ్వేవాళ్ళున్నారు. ఆ తాడు చైన్ మీది బరువు తాను మోస్తుంది. ఎవరో ఒక తెలివైన కూలిమనిషి మొదలుపెట్టిన పద్ధతి అయి ఉంటుంది అది.

కొన్నిసార్లు మనిషి శవపెట్టెలో వస్తాడు, బ్యాగు తర్వాత ఎవరి చేతనో వస్తుంది. అట్లాంటి బ్యాగు చైన్ బిగుసుకుపోయి తెరుచుకోకపోతే ఇంటివాళ్ళు నా దగ్గరికి తెస్తారు. కోసి తెరవమని చెప్పరు. బాగుచేసి తెరవమంటారు. ఆ పనికి నేను పైసలు తీసుకోను, మా బాపు కూడా తీసుకోలేదు.

బహ్రెయిన్‌లో ఓడల మరమ్మతు యార్డులో చేసే ఒక తమ్ముడు రన్నర్ మార్పించుకుంటూ, ఫోన్‌లో నీళ్ళలో దిగేవాళ్ళ డ్రై సూట్ చూపించాడు. లోపలి బట్టలు తడవకుండా ఒళ్ళంతా కప్పే తొడుగు అది. చల్లటి నీళ్ళలో, మురికి నీళ్ళలో పనిచేసేవాళ్ళకు కావాలి. మన ధర్మపురిలో, బాసరలో గోదావరిలో దూకే గజ ఈతగాళ్ళకు దాని అవసరం రాలేదు, మన నీళ్ళు అంత చల్లనివి కావు. ఆ సూట్‌కు ప్రాణం జిప్పే. మామూలు చైన్ నీటిని ఆపదు, పండ్ల మధ్య నుంచి, కుట్ల నుంచి కారుతుంది. పాత డ్రై సూట్లలో రబ్బరు పూసిన పట్టీ మీద లోహపు పండ్లు ఉండి, రెండు రబ్బరు పెదవులను గట్టిగా అదిమి పట్టేవి. బలమైనవే, కానీ మడత పడితే పోతాయి. తర్వాత జర్మనీ నుంచి టిజిప్ లాంటి ప్లాస్టిక్ జిప్పులు వచ్చాయి. తేలికైనవి, వంగుతాయి, ఉప్పు నీటికి తుప్పు పట్టవు. కానీ రన్నర్ చివరి గూట్లో పూర్తిగా కూర్చోవాలి, ఆ గూటికి గ్రీజు రాయాలి. లేకుంటే అక్కడే నీరు వస్తుంది. అడ్డంగా గుంజుతూ మూస్తే, ఇసుకతో మూస్తే, పన్ను విరుగుతుంది. ఒక్క పన్ను విరిగితే మొత్తం జిప్పు కోసి కొత్తది అతికించాలి. ఖరీదైన పని. చల్లటి నీళ్ళలో లోతున ఉన్నప్పుడు విరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ తమ్ముడు చెబుతుంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. ఇసుక, అడ్డపు గుంజుడు, వేయని గ్రీజు. మా దుకాణానికి వచ్చే బ్యాగులు చెడేదీ వీటివల్లనే. తేడా ఒక్కటే. అక్కడ జిప్పును కడిగి, చూసి, గ్రీజు రాసే అలవాటు ఉంది. మన దగ్గర పదేండ్లు అన్నం పెట్టే బ్యాగుకు కొవ్వొత్తి ముక్క రాసే అలవాటు లేదు.

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బొంబాయి దారి తగ్గింది, ట్రాలీ బ్యాగులు పెరిగాయి. వాటి చౌక రకాల్లో చైన్‌ను లోపలి అస్తరు కింద దాచి కుడతారు. రన్నర్ మార్చాలంటే సగం బ్యాగు విప్పాలి, కూలి బ్యాగు ధరకు దగ్గరవుతుంది, జనం పారేస్తారు. ఇది మా పనిని చంపుతున్నది. బాగుచేయడానికి వీల్లేకుండా వస్తువు కుట్టడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. పాత రెగ్జిన్ బ్యాగు చైన్ బయటే కుట్టి ఉండేది, పావుగంటలో తేలిపోయేది.

గల్ఫ్ పోయే అన్నలకు, తమ్ములకు ఒక మాట. బ్యాగు కొనేటప్పుడు రంగు కన్నా ముందు చైన్ చూడండి, అది ఎక్కడ కుట్టి ఉందో చూడండి. తిరిగి వచ్చినంక ఇసుక దులిపి, పాత టూత్‌బ్రష్‌తో పండ్లు రుద్ది, తెల్ల కొవ్వొత్తి రాయండి. తొక్కు డబ్బాను చైన్ దగ్గర పెట్టకండి. బస్సు ఎక్కే రాత్రి కాకుండా రెండు రోజుల ముందు బ్యాగు తీసుకురండి. విమానాశ్రయం ఒప్పుకున్నచోట తాడు మాత్రం మానకండి.