కడలి యడుగున కదలెడి నేల

కాలువలో పూడిక తీసి గట్టున పోసిన యడుసును మీరందఱు చూచియే యుందురు. పైన నెండి పగుళ్లు వాఱును. నమ్మి కాలు మోపినచో మోకాలిలోతు దిగును. ప్రక్కన గేదె నడచిన చాలు, కుప్ప యంతయు తొణకును. అమెరికాలో మిసిసిపీ మహానది సముద్రమున గలియు తావున నీటి యడుగున నట్టి యడుసే వందల యడుగుల మందమున పేరుకొని యున్నది. దాని కథయే నేటి ప్రసంగము.

ఆ నదీముఖమున నోడలు నడపువారు పూర్వమునుండి యొక వింత చెప్పుకొనుచుండిరి. ఓడత్రోవలో మట్టిదిబ్బ యొకటి పైకి లేచును. కొంతకాలమునకు అలల తాకిడికి కరగిపోవును. భూగర్భశాస్త్రజ్ఞుడైన చార్లెస్ లయల్ 1846లో ఆ ప్రాంతమునకు పోయి, యీ దిబ్బలనుగూర్చి తన గ్రంథమున వ్రాసెను. నది తెచ్చిపోసిన యిసుక బరువునకు క్రింది మెత్తని బంకమన్ను పైకి నుబుకుటయే దీనికి కారణమని తరువాతివారు తేల్చిరి. నేల నిలుకడ లేనిదని ఆ దిబ్బలే చెప్పుచుండెను. వినువా రేరి? 20వ శతాబ్దిలో చమురు దొరకుటతో, ఆ బురదలోనే యుక్కుకాళ్లు దింపి వేదికలు కట్టిరి. గాలికి లెక్క కట్టిరి, అలకు లెక్క కట్టిరి. కాళ్లక్రింది యడుసునకు తగిన లెక్క కట్టరైరి.

1969 ఆగస్టు 17వ తేదీని కెమిల్ అను పెనుతుపాను వచ్చెను. అలలు సుమారు 70 అడుగుల యెత్తు లేచినవి. 300 అడుగులకు మించిన లోతున నిలిచిన యొక వేదిక కూలి, సుమారు 100 అడుగులు పల్లమునకు జరిగిపోయెను. అలలు కొట్టి పడద్రోసిన దైనచో నట్లు జరుగదు. నేలయే దానిని మోసికొని పోయినది.

అచట 100 అడుగుల దూరమునకు 2 అడుగుల వాలైనను లేదు. అట్టి చదునున బురద యేల జాఱును? నది మట్టిని త్వరత్వరగా పోయుటచే లోపలి నీరు వెలికి పోవుటకు వ్యవధి చాలదు. కుళ్లిన యాకులలములనుండి పుట్టిన వాయువు కూడ నందే చిక్కుకొనును. పెద్ద యల వచ్చినప్పుడు దాని శిఖరము క్రింద నేల యణగును, ప్రక్క పల్లము క్రింద పొంగును. ఈ నొక్కుళ్లకే మెత్తని మన్ను పట్టు వదలునని హెంకెల్ అను పండితుడు 1970లో లెక్కలతో చూపెను. పిదప లూసియానా విశ్వవిద్యాలయమువారైన కోల్మన్, ప్రయర్ మొదలగువారు నీటిలోనికి ధ్వనిని పంపి, మఱలివచ్చు ప్రతిధ్వనులతో సముద్రగర్భపు పటములు గీసిరి. గిన్నెలవలె క్రుంగిన తావులు, వానినుండి పోవు వాగులు, వాగుల కొనను ఒకదానిపై నొకటి పడిన బురదకుప్పలు: నీటిక్రింద నొక జాఱుడుల దేశమే కానవచ్చెను.

ఇంత తెలిసినను 2004లో ఐవాన్ తుపానునకు మఱియొక వేదిక యట్లే పడిపోయెను. పనివారిని ముందే యొడ్డు చేర్చి యుండిరి. వేదిక 500 అడుగులకు పైగా జరిగెను. చమురుబావుల నోళ్లు బురదక్రింద కప్పడిపోయెను. ఆ చమురు ఏండ్ల తరబడి సముద్రముపై తేలుచుండ, 2019లో గాని దానిని పట్టి పైకి తోడు సాధనము నమర్ప లేకపోయిరి.

మన కృష్ణా గోదావరుల ముఖముల కెదురుగా సముద్రగర్భమునను పూర్వపు జాఱుడుల జాడలు కానవచ్చినవి. చమురు, సహజవాయువుల బావులును ఆ సముద్రముననే కలవు.