దుర్బోధతే ఆధారంగా: సి భాషా చరిత్రలో ఒక పోటీ

ఉపోద్ఘాతం

ఒకే ఫలితాన్నిచ్చే రెండు ప్రోగ్రాములు కంప్యూటరుకు సమానమే కావచ్చు. చదివే మనిషికి కావు. ఈ అంతరాన్ని హాస్యంగా మలచిన సందర్భం 1984లో అమెరికాలో ఆరంభమైన అంతర్జాతీయ దుర్బోధ సి కోడ్ పోటీ. దానిని వినోదంగానే కాక, సి భాష హద్దులను నమోదు చేసిన చారిత్రక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆవిర్భావం

నేషనల్ సెమీకండక్టర్ సంస్థలో పనిచేస్తున్న లాండన్ కర్ట్ నోల్, లారీ బాసెల్ ఈ పోటీ వ్యవస్థాపకులు. యూనిక్స్‌లోని బోర్న్ షెల్ వంటి ప్రోగ్రాముల కోడ్‌ను చదవడంలో కలిగిన విసుగే వారికి ప్రేరణ. ఆ షెల్ రచయిత స్టీవ్ బోర్న్ మాక్రోలతో సి భాషకు అల్గాల్ 68 వేషం వేశాడు. వాడుకకోసం రాసిన కోడే ఇలా ఉంటే, పనిగట్టుకొని చిక్కుపరిస్తే ఎలా ఉంటుందన్న కుతూహలం పోటీగా రూపొందింది.

మూడు రచనలు

1984లో ముల్లెండర్, వాన్ రెనెస్సె పంపిన ప్రోగ్రాములో ప్రధాన ఫంక్షన్ ఉండవలసిన చోట అంకెల పట్టిక ఉంది. ఆ అంకెలు పీడీపీ-11, వాక్స్ యంత్రాలకు నేరుగా ఆదేశాలు. అక్కడ ఫంక్షనే ఉండాలని నాటి కంపైలర్ పట్టుబట్టలేదు.

1988లో బ్రయన్ వెస్ట్‌లీ అడ్డగీతలతో వృత్తాకారంలో ఒక ప్రోగ్రాము రాశాడు. అది తన ఆకారపు వైశాల్యాన్నే లెక్కించి పై విలువను ముద్రిస్తుంది. మరిన్ని దశాంశాలు కావాలంటే మరింత పెద్ద వృత్తం రాయాలి!

1994లో వచ్చిన మరో రచనలో ఒక్క అక్షరమూ లేదు. తనను తానే ముద్రించుకొనే అతి చిన్న ప్రోగ్రామన్నది దాని వాదం. ఖాళీ ఫైలు ఏమీ ముద్రించదు గనుక తర్కం నిలిచింది. నిర్ణేతలు నియమాలను సవరించక తప్పలేదు.

పాఠం, కాలం

వీటిలో వెస్ట్‌లీ రచన చరిత్రకారునికి ముఖ్యం. పాత పద్ధతిలో మాక్రో విస్తరణ తరువాత పక్కపక్కన చేరిన రెండు మైనస్ గుర్తులు ఒకే తగ్గింపు గుర్తుగా కలిసిపోయేవి. ప్రామాణిక సి వాటిని వేరుగానే ఉంచుతుంది. అందువల్ల అక్షరం మారకపోయినా, నేటి కంపైలర్‌లో ఆ మూలప్రతి సరైన విలువ ఇవ్వదు.

ముగింపు

తాళపత్రాన్ని పరిష్కరించేవారు నాటి లిపి సంప్రదాయాన్ని తెలుసుకోవాలి. కోడ్‌కూ అదే వర్తిస్తుంది. ప్రోగ్రామును భద్రపరచి దాని కాలపు కంపైలర్‌ను వదిలివేస్తే అక్షరాలు మిగులుతాయి, అర్థం మిగలదు. సులువైన పనులను చిక్కుపరచిన ఈ హాస్యరచనలు ఆ ప్రమాదాన్ని స్పష్టంగా చూపుతున్నాయి.