కాటుక – దాని నియమము

అంగళ్ళలో ఇప్పుడు కాటుక డబ్బీల మీదా, మస్కరా గొట్టాల మీదా 'సహజం' అన్న మాట పెద్ద అక్షరాలతో కనిపిస్తున్నది. సహజమైనదంతా కంటికి హితమేనా? మన ప్రాచీనులు ఈ ప్రశ్నను మనకంటె శ్రద్ధగా విచారించారని నాకు తోస్తుంది.

ముందుగా మాటల సంగతి చూద్దాము. కజ్జలమంటే దీపపు మసి. మన కాటుక అదే. అంజనమన్న మాట 'పూయు' అన్న అర్థం గల అంజ్ ధాతువు నుండి వచ్చింది. కంటికి పూసే ఏ పదార్థానికైనా అది చెల్లుతుంది. అయితే అమరసింహుడు స్రోతోంజనము, సౌవీరము, యామునము అన్న పర్యాయపదాలను వైశ్యవర్గంలో, ఖనిజాల సరసన చెప్పాడు. అంటే ఆ అంజనం రాయి. ఒకటి దీపం నుండి పుట్టింది, మరొకటి గనిలో పుట్టింది. రెండూ నల్లనివే, రెండూ సహజమైనవే. వాటి గుణం మాత్రం ఒకటి కాదు.

ఆ రాతి అంజనానికి ప్రసిద్ధికెక్కిన దేశం ఈజిప్టు. అక్కడ స్త్రీపురుషులిద్దరూ కళ్ళకు దానిని దిద్దుకొనేవారు. అందులో ముఖ్యమైనది గెలీనా, అనగా సీసపు గంధకిదము. పారిస్ నగరంలోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ప్రాచీన భరిణెలలోని పొడిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ప్రకృతిలో అరుదైన కొన్ని సీసపు లవణాలను ఈజిప్టువారు బుద్ధిపూర్వకంగా తయారుచేసి కలిపారని 1999లో తేల్చారు. అతి స్వల్పమాత్రలో ఆ లవణాలు శరీరకణాలలో రోగనిరోధక చర్యను ప్రేరేపించవచ్చునని 2010లో మరొక పరిశోధన వెలువడింది. దీనిని బట్టి సీసం మంచిదని భ్రమపడరాదు. అది ప్రయోగశాలలోని కణాల ముచ్చట.

మన వైద్యగ్రంథాలలో అంజనం మొదట మందు, తరువాతనే అలంకారము. కంటికి వేసే మందును తెలుగులో కలికమన్నారు. చరకుడు సౌవీరాంజనాన్ని నిత్యమూ, రసాంజనాన్ని ఐదు లేక ఎనిమిది రాత్రుల కొకసారీ వాడమన్నాడు. తీక్ష్ణమైన అంజనం పగటిపూట కూడదన్నాడు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో అంజనాన్ని లేఖనము, రోపణము, ప్రసాదనము అని మూడు విధాలుగా విభజించి, పుల్లకు ఎనిమిది అంగుళాల కొలత కూడా చెప్పాడు. అన్నిటికంటె నన్ను ఆకట్టుకొన్నది ఆయన నిషేధాల పట్టిక. అలసినవారు, ఏడ్చినవారు, మద్యం సేవించినవారు, కోపంలోను భయంలోను ఉన్నవారు, జ్వరపీడితులు అంజనం పెట్టుకోరాదట! ఏ వస్తువు, ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్న విచారణ లేకుండా కంటి దగ్గరకు దేనినీ రానీయలేదన్నమాట.

ఆ విచారణ మన ఇళ్ళలోనూ కొంత నిలిచింది. మా అమ్మగారు మెత్తని నూలుగుడ్డను నందివర్ధనం పూల రసంలో తడిపి, నీడన ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదంతో వెలిగించి, పైన రాగిపళ్ళెం బోర్లించి కాటుక పట్టేవారు. ఆ మసిని నేతితో మెదిపి కాటుకకాయలో భద్రపరచేవారు. కండ్లకలక వచ్చిన పిల్లను ఆ కాటుకకాయ ముట్టనిచ్చేవారు కారు. సూక్ష్మజీవులను గూర్చి ఆమె ఏ పుస్తకమూ చదువలేదు.

పడమటి దేశాలలో రెప్పవెంట్రుకలకు రంగు వేసే మస్కరా మొదట బిళ్ళల రూపంలో వచ్చింది. తడి కుంచెతో రుద్దుకొనేవారు. 1933 నాటికి అమెరికాలో 'లాష్ లూర్' అన్న రెప్పల రంగు అమ్మేవారు. అందులోని పారాఫినలీన్ డయామిన్ అన్న రసాయనం వల్ల పలువురు స్త్రీలకు చూపు పోయింది, ఒకామె మరణించింది. 1906 నాటి చట్టం సౌందర్యసాధనాల జోలికి పోలేదు గనుక ప్రభుత్వం చేతులు కట్టుకొని చూడవలసివచ్చింది. 1938లో కొత్త చట్టం వచ్చిన తరువాతనే ఆ రంగును స్వాధీనం చేసుకొన్నారు.

అది కృత్రిమ రసాయనం కనుక అలా జరిగిందనుకొంటారేమో. 2011లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పసిబిడ్డ రక్తంలో సీసం కనబడింది. కారణం వెదకగా, నైజీరియా నుండి తెచ్చి బిడ్డ కళ్ళకు పెట్టిన 'తిరో' అన్న పొడిలో నూటికి 82 పాళ్ళకు పైగా సీసమే ఉన్నదట. అది అచ్చమైన సహజ ఖనిజం! పసివాడు కన్ను నలుపుకొంటాడు, ఆ చేతినే నోట పెట్టుకొంటాడు. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. మన దేశంలోనూ సౌందర్యసాధనాలకు రంగునిచ్చేందుకు సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడరాదని నిబంధన ఉన్నది. పేరు లేని పొట్లాలలో అమ్మే సుర్మాకు ఆ నిబంధన ఎంతవరకు అంటుతుందో మీరే ఆలోచించండి.

కనుక నా మనవి ఇది. పదార్థాల పట్టిక, తయారీ తేదీ లేని కాటుకను, సుర్మాను ఇంటికి తేవద్దు. తేనెమైనం, ఇనుప ఆక్సైడుతో చేసిన మస్కరా మంచిదే కావచ్చును. కాని నిలువ పదార్థం తక్కువైన కొద్దీ అది త్వరగా చెడుతుందని గుర్తుంచుకోవాలి. ఏ మస్కరా అయినా తెరచిన మూడు నాలుగు నెలలకు పారవేయాలి. ఎండిపోతే నీళ్ళు గాని ఉమ్మి గాని కలుపరాదు. చెడిన మస్కరా కుంచెతో నల్లగుడ్డు గీరుకొంటే సూక్ష్మజీవులు చేరి పుండు పడి చూపు పోయే ప్రమాదమున్నది. ఒకరిది మరొకరు వాడరాదు, కన్ను ఎర్రబడితే మానివేయాలి, పడుకోబోయే ముందు కడుగుకోవాలి. పసిపిల్లల కళ్ళకు ఇంటి కాటుక సైతం వద్దంటున్నారు శిశువైద్యులు. మసి మసే, పెట్టే వేలు వేలే. దిష్టిచుక్క పెట్టాలని మనసు లాగితే ఇంటి దీపపు మసితో అరికాలిలో పెట్టుకోవచ్చును.

పూర్వులు అంజనాన్ని నియమంతో కలిపి మనకు అప్పగించారు. మనము నలుపును ఉంచుకొని నియమాన్ని జారవిడిచాము. దానిని తిరిగి అందుకోవడానికి సుశ్రుతాన్ని కంఠస్థం చేయనక్కరలేదు. డబ్బీ మీది చిన్న అక్షరాలను ఓపికగా చదివితే చాలును.