వాల్తేరుకు వచ్చిన సముద్రాచార్యుడు

సందర్శకాచార్యుడు అనగానే రెండు ఉపన్యాసాలు, ఒక శాలువా గుర్తుకు రావడం ఇటీవలి స్థితి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రలో ఆ పదవికి ఇంతకంటే బరువైన అర్థం ఉండేది. శాండియాగోలోని అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ 1952లో ఫుల్‌బ్రైట్ ఆచార్యులుగా వాల్తేరు వచ్చారు. సముద్రశాస్త్ర బోధన అప్పటికి మన దేశంలో ఇంకా వేళ్లూనుకోలేదు. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ సహకారంతో ఆయన పరిశోధక విద్యార్థులను భారత నౌకాదళ ఓడలెక్కించారు. వివిధ లోతుల్లో నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలవడం వారు సముద్రం మీదనే నేర్చుకున్నారు. నైరుతి గాలి తీరం వెంబడి వీచే కాలంలో పైనీరు తీరానికి దూరంగా జరిగి, అడుగునున్న చల్లని నీరు పైకి ఉబికివస్తుందని ఆ కొలతలు చూపాయి. పోషక లవణాలు ఆ నీటితోనే పైకి వస్తాయి కనుక ఇది మత్స్యసంపదకూ సంబంధించిన విషయమే. ఈ పరిశోధనలు 1954లో విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడ్డాయి. నా దృష్టిలో కీలకాంశం ఇదే: సమాచారం అతిథితోపాటు వెళ్లిపోలేదు, తరువాతి విద్యార్థికి ఇక్కడే దొరికింది. ఒక విభాగం నిలదొక్కుకోవడానికి ఉపన్యాసం కంటే ఇది అవసరం.

ఆ దశాబ్దంలోనే లఫాండ్ మరొకసారి వాల్తేరులో బోధించారు. 1963లో అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనలో భాగంగా ఆంటన్ బ్రూన్ ఓడపై వచ్చినప్పుడు, తూర్పుతీరానికి ఆవల సముద్రగర్భంలో మూడు లోయలు గుర్తించబడ్డాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ.