దత్తమండలం నుంచి రాయలసీమ దాకా

ఒక ప్రాంతానికి పేరు పెట్టే హక్కు ఎవరిది? 1792, 1799లలో టిప్పు రాజ్యం నుంచి తనకు దక్కిన భూభాగాన్ని 1800లో నిజాం, తన రక్షణకు ఉంచిన సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. బళ్ళారి, కడప ప్రాంతాల ప్రజలను ఎవరూ అడగలేదు. కంపెనీ వాడిన మాటనే ‘దత్తమండలాలు’ అని తెలుగు చేసుకొని, మనవాళ్ళు నూరేళ్ళకు పైగా ఆ పేరుతోనే చెలామణి అయ్యారు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగిన సందర్భాన ఆ పేరు వద్దనుకున్నారు. చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ నిలిచింది. దానమిచ్చిన వస్తువు పేరుతో మనుషులను పిలవడం ఆత్మగౌరవానికి భంగమన్న గ్రహింపు అందులో ఉంది. మాట మారితే వాన కురుస్తుందా అని ఎకసెక్కం చేసేవారు ఈ సంగతి చూడరు. 1985లో కారంచేడు దారుణం తరువాత ఏర్పడిన దళిత మహాసభ, ఇతరులు పెట్టిన ‘హరిజన’ పదాన్ని కాదని ‘దళిత’ పదాన్ని నిలబెట్టడం వెనుక ఉన్నదీ ఈ గ్రహింపే.

అయితే న్యాయమైన మాట కూడా విచారణకు అతీతం కాదు. ఆలూరునే తీసుకుందాం. 1953 అక్టోబరు 1 దాకా అది బళ్ళారి జిల్లాలో తాలూకా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. రాయల రాజధాని హంపి ఉన్న హొసపేట తాలూకా మైసూరుకు పోయింది. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఆలూరులో నిలబడి, రాయలు ఒక్క భాష సొత్తని ఎలా అనగలం?

ఇంకొక ప్రశ్న. రాజుల పేరు పెట్టుకున్న సీమలో రైతు ఎక్కడ? విజయనగర వైభవాన్ని తలచుకున్నంత తరచుగా 1876-78 నాటి కరువును తలచుకోము. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఆ కరువు ఊడ్చేస్తుండగా, ప్రభుత్వం 1877లో పనిలోకి వచ్చిన కూలీకిచ్చే ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు కుదించింది. ‘దత్త’ అనే పాత మాట అవమానకరమే. కాని ఈ నేలను ఎవరు ఎవరికి అప్పగించారో అది చెప్పేది. కొత్త మాట గౌరవాన్నిచ్చింది. ఆ బేరాన్ని మాత్రం మరుగున పడవేసింది.

ఇట్లా అడిగినవాణ్ణి సీమద్రోహి అనడం ఒక పక్షం. ప్రశ్నించే స్వేచ్ఛ పేరుతో పాత అవమానాన్నే తిరిగి తేవడం మరొక పక్షం. రెండూ ఆలోచనకు అడ్డుకట్టలే. ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరును గౌరవించాలి. ఆ పేరు దేనిని దాస్తున్నదో కూడా అడగాలి. అభ్యుదయ విమర్శకుడు ఈ రెండు పనులలో దేనినీ వదులుకోరాదు.