బ్యాడ్మింటన్‌లో మోకాలి గాయాలు

బ్యాడ్మింటన్ ఆడేవారి మోకాలికి వచ్చే ఇబ్బందులు రెండు తీరులు. లిగమెంటో మెనిస్కసో ఒక్క క్షణంలో తెగడం ఒకటి. నెలల తరబడి పడిన భారం టెండన్‌లోనో చిప్ప వెనకో నొప్పిగా బయటపడడం రెండోది. ప్రత్యర్థి నెట్‌కు అవతలే ఉంటాడు, ఒంటి మీదికి రాడు. అయినా ముందుకు ఉరకడం, ఉన్నపళంగా ఆగడం, వెనక్కి మళ్లి ఎగరడం, ఒంటికాలి మీద దిగడం ర్యాలీ ఉన్నంతసేపూ తప్పవు. ఈ భారమంతా మోకాలి మీదే పడుతుంది. నొప్పి తగ్గడమూ మోకాలు కోలుకోవడమూ ఒకటేననుకుని తొందరపడి కోర్టులోకి దిగినందువల్లే చాలా గాయాలు ముదురుతాయి.

నిర్మాణం

తొడ ఎముక, కాలి ఎముక, చిప్ప కలిసే ఈ కీలును నాలుగు ప్రధాన లిగమెంట్లు పట్టి ఉంచుతాయి. వీటిలో ఏసీఎల్ కీలు లోపల ఏటవాలుగా ఉండి, కాలి ఎముక ముందుకు జారకుండా, మోకాలు మెలితిరగకుండా కాపాడుతుంది. ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మెనిస్కస్‌లు ఉంటాయి. వాటి బయటి అంచుకే రక్తం బాగా అందుతుంది కాబట్టి లోపలి భాగం చిరిగితే దానంతటది అతకడం అరుదు. ఎముకల చివర్లను కప్పి ఉంచే కార్టిలేజ్‌కు రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. అది అరగడం మొదలైన చాలాకాలానికి గానీ నొప్పి తెలియకపోవడానికి ఇదే కారణం.

గాయం జరిగే తీరు

కుడిచేతి వాటం ఆటగాడి ఎడమవైపు వెనక మూలకు షటిల్ లేచిందనుకుందాం. అతను వెనక్కి పరుగెత్తి, నడుము ఎడమకు వంచి, తలపై నుంచి కొడతాడు. దిగేటప్పుడు శరీర బరువంతా ఎడమకాలి మీదికి వస్తుంది. అప్పుడు మోకాలు దాదాపు నిటారుగా ఉండి, పాదం నేలను పట్టేసి, మొండెం ఇంకా పక్కకు వాలుతూ ఉంటే మోకాలు లోపలికి కుంగుతుంది. ఏసీఎల్ తెగేది తరచూ ఇక్కడే. లోపల ఏదో 'టప్'మన్నట్టు అనిపించిందని చాలామంది ఆటగాళ్లు చెబుతారు. రాకెట్ పట్టే చేతికి ఎదురువైపు మోకాలికి ఈ ముప్పు ఎక్కువ.

స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ ఎడమచేతి వాటం మనిషి. 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్‌పై ఆధిక్యంలో ఉండగా ఆమెకు తెగింది కుడి మోకాలి ఏసీఎల్. అదే ఏడాది సెప్టెంబరులో చైనా ఓపెన్ గెలిచి తిరిగి నిలబడింది. 2021లో టోక్యో ఒలింపిక్స్ ముంగిట ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉండగా కుడి మోకాలు మళ్లీ పోయింది. ఒకసారి తెగిన మోకాలికే కాక రెండో మోకాలికీ ముప్పు పెరుగుతుందని వైద్యులు చెప్పేదానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ ఈ ఆటలో లేదు. ఒకే ఆట ఆడే స్త్రీ పురుషుల్లో ఏసీఎల్ గాయాలు స్త్రీలకే ఎక్కువ.

నెట్ దగ్గరి డ్రాప్‌ను అందుకోవడానికి వేసే పెద్ద అంగ, అంటే లంజ్, మరో భారం. ఇది రాకెట్ చేతివైపు కాలిది. మడమ ముందు ఆనాలి, మోకాలు రెండో కాలివేలి దిశలోనే వంగాలి. అలసిన ఆటగాడి మోకాలు లోపలికి వాలుతుంది. మూడో గేమ్‌లో కోచ్‌లు కాళ్ల మీద కన్నేసి ఉంచేది ఇందుకే.

క్రమంగా వచ్చే నొప్పులు

చిప్ప కింద, వేలితో చూపగలిగినంత చోటులోనే నొప్పి ఉండి, ఎగిరినప్పుడు పొడిచినట్టయితే అది సాధారణంగా పటెల్లార్ టెండన్ సమస్య. ఇంగ్లిష్‌లో దీన్నే జంపర్స్ నీ అంటారు. ఒళ్లు వేడెక్కాక నొప్పి సర్దుకుంటుంది, మర్నాడు పొద్దున మళ్లీ పలకరిస్తుంది. చిప్ప చుట్టూ నొప్పిగా ఉండి, మెట్లు దిగేటప్పుడో సినిమా హాల్లో చాలాసేపు కూర్చున్నప్పుడో ఎక్కువైతే అది చిప్ప, తొడ ఎముకల మధ్య ఒత్తిడి వల్ల వచ్చేది. ఎదిగే వయసు పిల్లల్లో చిప్ప కింద ఎముక బొడిపెలా ఉబ్బి నొప్పి పుడితే దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎదుగుదల ఆగాక చాలావరకు సద్దుమణుగుతుంది. అప్పటిదాకా ఎగిరే సాధన తగ్గించాలి. అకాడమీలో పోటీ తట్టుకోవాలని పిల్లవాడి నొప్పిని దాచిపెట్టడం మాత్రం అన్యాయం.

టెండన్ నొప్పికి పూర్తి విశ్రాంతి మందు కాదు. వాడకం లేని టెండన్ ఇంకా బలహీనపడుతుంది. గోడకు ఆనుకుని మోకాళ్లు వంచి కదలకుండా నిలబడడంతో మొదలుపెట్టి, నెమ్మదైన బరువు వ్యాయామాలకు, ఆ తర్వాతే ఎగరడానికి వెళ్లాలి. వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి అది పెరగకూడదు. దీనికి వారాలు చాలవు, నెలలు పడుతుంది.

దెబ్బ తగిలిన వెంటనే

ఆట ఆపేయాలి. ఇంకో నాలుగు పాయింట్లు చూద్దామనుకుంటే మెనిస్కస్ కూడా చిరగవచ్చు. వాపు ఎప్పుడు వచ్చిందో గుర్తుపెట్టుకోవడం ముఖ్యం: రెండు మూడు గంటల్లోపే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, ఏసీఎల్‌ను అనుమానించాలి. మర్నాటికి నెమ్మదిగా ఉబ్బితే మెనిస్కస్ వైపు చూస్తారు. మోకాలు మధ్యలో ఇరుక్కుని చాపలేకపోవడం కూడా మెనిస్కస్ లక్షణమే. నాలుగడుగులు వేయలేకపోయినా, 90 డిగ్రీలు వంచలేకపోయినా, చిప్ప మీద నొక్కితే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. లిగమెంట్లు ఎక్స్‌రేలో కనబడవు. డాక్టర్ చేత్తో కదిపి చూసే లాక్‌మన్ పరీక్ష, తర్వాత ఎంఆర్‌ఐ వాటి సంగతి తేలుస్తాయి.

ఐస్‌ను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది, గాయం మానడం దానివల్ల వేగవంతం కాదు. 1978లో విశ్రాంతి, ఐస్, కట్టు, కాలెత్తి ఉంచడం అనే సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తర్వాతి కాలంలో ఐస్ విషయంలో తన మాట మార్చుకున్నారు. మొదటి రెండు మూడు రోజులు నూనె మర్దనా, వేడి కాపడమూ వద్దు, వాపు పెరుగుతుంది. మన ఊళ్లలో నాటు కట్టు మీద నమ్మకం ఎక్కువే గానీ, కీలు లోపల తెగిన ఏసీఎల్‌ సంగతి పైనుంచి వేసే కట్టుతో తేలదు.

చికిత్స, పునరాగమనం

ఏసీఎల్ తెగిన ప్రతివారికీ శస్త్రచికిత్స అక్కర్లేదు. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో 121 మంది చురుకైన యువతీయువకులను తీసుకున్నారు. ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టిన వారిలో సుమారు సగం మందికి ఐదేళ్ల తర్వాత కూడా ఆపరేషన్ అవసరం రాలేదు. అయితే పోటీ బ్యాడ్మింటన్‌లో కాలు మెలితిప్పుతూ తిరగక తప్పదు కాబట్టి పోటీలకు తిరిగి వెళ్లాలనుకునేవారు సాధారణంగా శస్త్రచికిత్సకే వెళ్తారు. తొడ వెనక టెండన్ నుంచో చిప్ప టెండన్ నుంచో ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. ఆ ముక్క తన చోట స్థిరపడి బలపడడానికి నెలలు పడుతుంది. నొప్పి మాత్రం రెండు మూడు నెలల్లోనే చాలావరకు పోతుంది. ప్రమాదమంతా నొప్పి పోయినా ముక్క ఇంకా బలపడని ఈ వ్యవధిలోనే. తొమ్మిది నెలలలోపే ఆటకు వచ్చినవారికి మళ్లీ గాయాలు ఎక్కువని నార్వే, అమెరికా పరిశోధకులు తేల్చారు. క్యాలెండర్ ఒక్కటే చాలదు: తొడ ముందు కండరాల బలం, ఒంటికాలి దూకుడు దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. సిద్ధంగా ఉన్నానన్న ధైర్యమూ ఉండాలి.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణే జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్ తెగింది. పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. 2001లో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మోకాలు అదే. సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తర్వాత మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచి, ఆ ఏడాదే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. అయినా 2024లో తనకు కీళ్ల అరుగుదల ఉందని ఆమే బయటపెట్టింది. విజయవంతమైన పునరాగమనం మోకాలి భవిష్యత్తుకు పూచీ కాదు. ఏసీఎల్ తెగినవారికి, ఆపరేషన్ అయినా కాకపోయినా, ముందు వయసులోనే అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువ.

నివారణ

ఎగిరి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం, ఒంటికాలిపై నిలకడ, తొడ వెనక కండరాల బలం కలిపి చేసే సన్నాహ వ్యాయామాలు ఏసీఎల్ గాయాలను గణనీయంగా తగ్గిస్తాయని ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ అనుభవం రుజువు చేసింది. వారానికి రెండు మూడుసార్లు, పావుగంట చాలు. పగలంతా కుర్చీలో కూర్చుని సాయంత్రం నేరుగా స్మాష్‌లు మొదలుపెట్టే ఉద్యోగులకు ఇది మరీ అవసరం. అపార్ట్‌మెంట్ ఆవరణలోని సిమెంట్ కోర్టుకన్నా చెక్క మీద పరిచిన సింథటిక్ మ్యాట్ మేలు. పరుగు బూట్లు మడమ ఎత్తుగా ఉండి పక్కకు ఒరుగుతాయి కాబట్టి గమ్ సోల్ ఉన్న బ్యాడ్మింటన్ బూట్లే వేసుకోవాలి. సోల్ అరిగి నునుపెక్కగానే మార్చేయాలి.