షోలాపురపు తెలుగు ఇండ్ల నేల: నాపరాతి నుండి పింగాణి పలక వరకు

ఒక జనసముదాయపు చరిత్రను వ్రాయువారు సామాన్యముగా దేవాలయములను, సంఘములను, పాఠశాలలను, పేరుపొందిన పురుషులను గూర్చి వ్రాయుదురు. అది యుక్తమే. కాని మనిషి మొదట ప్రాకునదియు, నిత్యము కూర్చుండి భుజించునదియు, తుదిశ్వాస విడుచువేళ పరుండబెట్టబడునదియు ఇంటి నేలయే. దానిని గూర్చి వ్రాసినవారు అరుదు. తెలంగాణమును విడిచి తరతరములుగా మహారాష్ట్రమునందలి షోలాపురమున నివసించుచున్న పద్మశాలీల ఇండ్లలో ఆ నేల ఏ విధముగా మారినదో, ఆ మార్పుతోపాటు రావలసిన నేర్పు ఎంతవరకు వచ్చినదో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. నేను ఈ పట్టణమున తెలుగు బోధించు ఉపాధ్యాయుడను, సుతారిని కాను. నా యింటి నేల చెడి మరల బాగుపడిన క్రమమున నేర్చినది కొంత, చదివి తెలిసికొన్నది కొంత ఇందు పొందుపరచితిని.

మనుష్యులును రాయియు ఒకే దారిని వచ్చుట

బొంబాయి నుండి బయలుదేరిన రైలుమార్గము 1860లో షోలాపురమును చేరినది. 1871లో అది రాయచూరు కడ మద్రాసు రైలుమార్గముతో కలిసినది. 1874లో ఆ మార్గమునందలి వాడి నుండి సికింద్రాబాదునకు నిజాము రైలు నడవసాగినది. 1876 మొదలు 1878 వరకు దక్కనును మహాక్షామము పీడించెను. 1877లో షోలాపురమున మొదటి నూలుమిల్లు పని ప్రారంభించెను. ఈ సంవత్సరములను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చూచినచో తెలంగాణపు సాలెవారు ఈ పట్టణమునకు ఏల వచ్చిరో వేరుగా చెప్పనక్కరలేదు. వెనుక ఆకలి, ముందు మిల్లు, నడుమ రైలు.

ఆ రైలుమార్గముననే మరియొక వస్తువును ఉన్నది. వాడికి పడమటి దిక్కున షాహాబాదు, తూర్పు దిక్కున తాండూరు కలవు. రెండు చోట్లను భూమిలో పొరలుపొరలుగా పేరుకొన్న సున్నపురాయి దొరకును. గుల్లలు, గునపములు పట్టి చీల్చినచో అది పలకలుగా లేచివచ్చును. తెలుగువారు నాపరాయి యనియు, బండ యనియు పిలుచునది ఇదియే. మరాఠీవారు దీనిని ఫర్శీ యందురు. మనుష్యులు వచ్చిన దారినే ఈ రాయియు వచ్చి, వారి కాళ్ళ క్రింద పరచుకొన్నది. నా బాల్యమున పూర్వ్ భాగ్‌లోని మా పేటలో బండలు లేని ఇల్లు నేనెరుగను.

బండలకు ముందు ఉన్నది మట్టినేల. దానిని పేడతో అలుకుదురు. మగ్గపుగుంట త్రవ్వుకొనుటకు ఆ నేల అనువైనది. కలిగినవారి ఇండ్లలో గచ్చునేల ఉండెడిది. సున్నమును, ఇసుకను కలిపి బెల్లపునీరు, కరక్కాయనీరు పోసి నూరి, దిమ్మిసతో గట్టిపరచి, నునుపుచేయుదురు. ఈ మూడు నేలలకును ఒక సమానగుణము కలదు. వానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు వేయవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో ఇంటివారికి తెలియును. పేడలో ఎంత మట్టి కలుపవలెనో మా నాయనమ్మకు తెలియును. బండను వ్రేలికణుపుతో కొట్టి, కంగుమన్నచో మంచిదనియు, మొద్దుగా మ్రోగినచో లోపల పొర విడినదనియు మా తాతగారు చెప్పుచుండిరి. నేల పాతబడుటతోపాటు ఈ తెలివి ఒక తరము నుండి మరియొక తరమునకు సంక్రమించుచుండెను.

పింగాణి నేలకు వచ్చుట

పింగాణి మనకు క్రొత్తది కాదు. ఊరగాయజాడీ ప్రతి ఇంటనున్నదే. మట్టికుండ నీటిని పీల్చి చెమర్చును; కావుననే నీరు చల్లబడును. జాడీ ఉప్పును, నూనెను, పులుపును పీల్చదు. కావుననే ఊరగాయ నిలువయుండును. జాడీ మట్టి వేరైనను సూత్రము ఒక్కటే. పింగాణి పలకకు తెల్లమట్టిని, ఫెల్‌స్పార్ అను రాతిపొడిని, పలుగురాతిపొడిని కలిపి, అధిక పీడనముతో అచ్చొత్తి, సుమారు 1200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిని కాల్తురు. ఆ వేడికి ఫెల్‌స్పార్ కరగి రంధ్రములను పూడ్చివేయును. ఐఎస్‌ఓ 13006 అను అంతర్జాతీయ ప్రమాణమును బట్టి ఇట్టి పలక తన బరువులో 0.5 శాతమునకు మించి నీరు పీల్చరాదు. విపణిలో విట్రిఫైడ్ టైల్స్ అని పిలువబడునవి ఈ జాతివే.

పింగాణి విద్యకు పుట్టినిల్లు చీనాదేశము. ఐరోపావారు దాని రహస్యము కొఱకు చిరకాలము తంటాలుపడి, తుదకు 1710లో జర్మనీలోని మైసెను పట్టణమున కార్ఖానా నెలకొల్పిరి. మన దేశమున కొచ్చిలోని పరదేశి యూదుల ప్రార్థనామందిరమున 18వ శతాబ్దమున చీనా నుండి తెప్పించిన నీలితెలుపు పలకల నేల నేటికిని కలదు. అది దేవునియింటి వైభవము. సామాన్యుని యింటికి పలక రావలెనన్నచో దాని వెల తగ్గవలెను. 1840లో ఇంగ్లండున రిచర్డ్ ప్రాసర్ పొడిమట్టిని యంత్రముతో అదిమి అచ్చొత్తు పద్ధతికి పేటెంటు పొందెను. నేటి పలకలకును ఆ పద్ధతియే మూలము. మన దేశమున 1922లో బొంబాయిలో స్థాపింపబడిన భారత్ టైల్స్ వారు రంగుల సిమెంటు పలకలను చేసిరి. అవి కాల్చినవి కావు, పింగాణియు కావు. కాని బండకు బదులుగా పలక అను భావమును మధ్యతరగతి ఇండ్లలో నాటుటలో అట్టి సిమెంటు పలకలకు పాలు కలదు. 1970 తరువాత ఇటలీలో రోలరు బట్టీలు వ్యాపించి, దినములు పట్టు కాల్పు సుమారు గంటలో ముగియసాగెను. నేడు మన దేశమున ఈ పరిశ్రమకు ముఖ్యస్థానము గుజరాతునందలి మోర్బీ. మా పేటలోనికి ఈ పలకలు విరివిగా వచ్చుట 2000 తరువాతి మాట.

మా యింటి కథ

2009లో మా తండ్రిగారు బండలను పెరికించి, వాకిలి మొదలు పెరటి వరకు రెండడుగుల చదరపు తెల్లని నునుపు పలకలను వేయించిరి. బంధువులు వచ్చి చూచి మెచ్చుకొనిరి. పలకలు వేసినవాడు ముప్పది యేండ్లు బండలు పరచిన సుతారి. బండను కూర్చుండబెట్టినట్లే ప్రతి పలక క్రిందను అయిదు సిమెంటు ముద్దలు పెట్టి, పైన తట్టి, సందు లేకుండ ఒకదానికొకటి ఒరసి పరచెను. సందు కనబడకుండుటయే పనితనమని అతడును, మేమును తలచితిమి.

2012 మే నెలలో ఒక మధ్యాహ్నమున పెద్ద చప్పుడైనది. నడిమియింటిలో ఒక వరుస పలకలు గుడారమువలె పైకి లేచి నిలిచినవి. ఆ యేటి వర్షాకాలముననే మా తల్లిగారు వాకిటి తడిలో కాలుజారి పడిరి. మణికట్టు ఎముక విరిగినది. అరువది రెండేండ్ల వయస్సున ఆమె మూడు మాసములు చేయి కదల్పలేకపోయిరి. చేయి కుదిరిన పిదపను ఆ వాకిట అడుగిడుటకు భయపడి, గోడ పట్టుకొని నడచుచుండిరి. అది చూచినప్పుడు, ఈ నేలను మేము మెరుగు చూచి కొంటిమే గాని తెలిసికొనలేదని నాకు స్ఫురించినది.

మరమ్మతునకు వచ్చిన వేరొక సుతారి, లేచిన పలక అడుగును మా తల్లిగారికి చూపెను. అది పుట్టినప్పటివలె శుభ్రముగానుండెను. సిమెంటు అంతయు నేలనే మిగిలియుండెను. "అవ్వా, రాయి నీళ్ళు తాగుతది, టైలు తాగదు. తాగనిదానికి ఉత్త సిమెంటు పట్టదు" అని అతడు చెప్పెను. నేను తరువాత చదివిన దంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

నాపరాతి గరుకైన అడుగు సిమెంటుపాలను పీల్చుకొని పట్టుకొనును. పింగాణి పీల్చదు. మనము ఏ గుణమును మెచ్చి దానిని కొంటిమో ఆ గుణమే దానిని నేల నుండి వేరుచేయును. ఇక ముద్దల నడుమ బోలు మిగులును. వేసవి వేడికి నేల వ్యాకోచించునపుడు కదలుటకు సందు లేక, గోడకును పలకకును నడుమ ఎడము లేక, పట్టులేని వరుస పైకి లేచును. తప్పు పలకది కాదు. పనివాని అశ్రద్ధయు కాదు. రాతికి నేర్చిన చేయి పింగాణికి చాలలేదు.

ఎన్నుకొనుట, పరచుట, కాపాడుట

ఎన్నికలో మొదటి ప్రశ్న రంగు కాదు. ఆ చోట నీరు పడునా యనునది. నునుపుపలక పొడిగానున్నప్పుడు నిలుచును, తడిసినప్పుడు జారును. జర్మను ప్రమాణమున జారుడును తట్టుకొను శక్తిని ఆర్ 9 మొదలు ఆర్ 13 వరకు గుర్తింతురు. అంకె పెరిగిన కొలది పట్టు పెరుగును. వాకిలికి, స్నానపుగదికి, పెరటికి ఆర్ 10 గాని ఆర్ 11 గాని గల గరుకు పలక తగినది. పైపూత గల పలకలకు అరుగుదలను తెలుపు పీఈఐ అంకెలు 0 నుండి 5 వరకు కలవు. ఇంటికి 3 గాని 4 గాని చాలును. డబుల్ చార్జ్ అను రకమున రంగుపొర మూడు నాలుగు మిల్లీమీటర్ల మందముండును గనుక ఎక్కువ నడకకు తట్టుకొనును. పెట్టెలన్నియు ఒకే బ్యాచివి కావలెను. లేనిచో ఛాయ మారును. నూటికి పది అదనముగా కొని దాచవలెను. పదేండ్ల తరువాత ఒకటి పగిలినచో ఆ పలక అంగడిలో దొరకదు.

పరచుటలో ముఖ్యమైనది క్రింది నేల చదును. పెద్ద పలకలకు పది అడుగుల దూరమున అంగుళములో ఎనిమిదవ వంతునకు మించి ఎగుడుదిగుడు ఉండరాదు. ఉత్త సిమెంటునకు బదులు పింగాణి కొఱకు చేసిన జిగురు వాడవలెను. దానిని పండ్లు గల తాపీతో నేలపై ఒకే దిక్కుగా గీతలు తీసి, పెద్ద పలకలకు అడుగునను పలుచగా పూసి, అదుముచు కూర్చుండబెట్టవలెను. పొడిగదులలో పలక అడుగు కనీసము 80 శాతము, తడిచోట్ల 95 శాతము జిగురునకు అంటియుండవలెను. అప్పుడప్పుడు ఒక పలకను లేపి చూచుట పనివానిని శంకించుట కాదు, పనిలో భాగమే. పలకల నడుమ కనీసము రెండు మిల్లీమీటర్ల సందు, గోడ వెంట పావు అంగుళము ఎడము విడువవలెను. గోడయెడమును అంచుపలక కప్పివేయును. స్నానపుగదిలో తూమువైపు అడుగునకు పావు అంగుళము వాలు కావలెను. మా పేటలో అనేక ఇండ్ల ప్రక్కగదులలో మరమగ్గములు ఆడుచుండును. ఆ అదురునకు బోలుపలకలే ముందుగా చిట్లును. పని ముగిసిన తరువాత రూపాయి నాణెముతో తట్టి చూచినచో బోలు తెలియును. మా తాతగారు బండను కొట్టి వినిన పరీక్షయు ఇదియే కదా!

కాపాడుట సులభము, అందుచేతనే ఉపేక్షింపబడుచున్నది. పలకకు శత్రువు మురికి కాదు, ఇసుక. అది కాలి క్రింద మెరుగును గీయును. కావున తడిగుడ్డకు ముందు చీపురు. కడుగుటకు కొద్దిపాటి సబ్బునీరు చాలును. ఎక్కువైన సబ్బు పొరకట్టి నేలను మరింత జారుడు చేయును. ఆమ్లము పోసి కడుగుట పెద్ద పొరపాటు. అది సందులలోని సిమెంటును తినివేయును, సందు చెడినచో నీరు అడుగునకు దిగును. మైనము, నూనె పూయరాదు. పీల్చనిదానికి పూత జారుడు తప్ప మరేమియు నీయదు.

ముగింపు

మట్టినేలకు అలుకు, గచ్చునకు దిమ్మిస, బండకు తట్టిచూచుట అను నేర్పులు వచ్చినట్లు పింగాణికిని ఒక నేర్పు కలదు. వస్తువు మోర్బీ నుండి లారీలో వచ్చినది. నేర్పు లారీలో రాలేదు. అందువలన దానిని మన ఇండ్లలో మన భాషలోనే చెప్పుకొనవలసియున్నది. గత సంవత్సరము ఏడవ తరగతి పిల్లలను వారి యింటి నేలను గూర్చి వ్రాయుమంటిని. అందరును టైల్స్ అని వ్రాసిరి. గచ్చు అను మాట ఒక్కరికిని తెలియదు. టైల్స్ అనుటలో దోషము లేదు. అయినను ఆ ఒక్క మాట తప్ప దానిని గూర్చి చెప్పుటకు వారికడ మరేమియు లేకుండుట లోపము. మరునాడు ఒక్కొక్కరిని నాణెముతో తమ ఇంటి నేలను తట్టి వినివచ్చి వ్రాయుమంటిని. ఒక బాలిక తమ వంటయింటిలో మూడు పలకలు బోలుగా మ్రోగినవని వ్రాసినది. ఆమె తండ్రి పనివానిని పిలిపించెను.

మా యింటిలో నడిమిగది పలకలను మరల సరియైన జిగురుతో వేయించితిమి. వాకిటికి మాత్రము క్రొత్తవి కొనలేదు. 2009లో పెరికి పెరటిగోడకు చేర్చిన షాహాబాదు బండలే అక్కడ పరపించితిమి. పింగాణిపై ముగ్గుపిండి నిలువక గాలికి జారిపోయెడిది. బండపై గీత నిలుచుచున్నది. మా తల్లిగారు ప్రతిదినము ఉదయమున ఆ తడిబండపై, గోడ పట్టుకొనక, ముగ్గు వేయుచున్నారు.